కత్తిపీట ముందు కామెడీ సీరియళ్లు: ఒక కర్రీ పాయింట్ రివ్యూ

విద్యానగర్‌లో శివం రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వస్తే మా కర్రీ పాయింట్ ఉంటుంది. పెట్టి పదకొండేళ్లయింది. పొద్దున్నే ఆరింటికి కత్తిపీట వాల్చుకుని కూర్చుంటే తొమ్మిదిన్నర దాకా లేచే పని లేదు. బెండకాయ రోజైతే ఎనిమిది కిలోలు. దొండకాయ రోజు మరీ అన్యాయం, ఒక్కో కాయనీ నాలుగు చీలికలు చెయ్యాలి. ఇదివరకు ఒక రేడియో ఉండేది. అది సాంబారు గిన్నెలో పడి పోయింది, ఎలా పడిందని అడగొద్దు. అప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే మా అమ్మాయి తను కొత్త టీవీ కొనుక్కుని, పాత 32 అంగుళాల టీవీ తెచ్చి మా వెనక వంటగది గోడకి బిగించింది.

"నాకు సీరియళ్లు పడవే" అన్నాను.

"ఇవి ఆ సీరియళ్లు కాదమ్మా, సిట్‌కామ్‌లు. ఇరవై, ముప్ఫై నిమిషాల్లో కథ అయిపోతుంది. ఎవరూ ఏడవరు."

ఎవరూ ఏడవరన్న మాట నాకు నచ్చింది. ఆరు నెలలుగా చూస్తున్నాను. చూస్తున్నానంటే నిజానికి వింటున్నాను. కళ్లు కత్తిపీట మీద, చెవులు టీవీ మీద. కాబట్టి ఈ రివ్యూలో నేను వాడిన కొలబద్ద ఒక్కటే: వింటుంటే చెయ్యి ఆగిందా లేదా. అది కూడా మొదటిసారి కాదు, మూడోసారి. మొదటిసారి ఏ జోకుకైనా చెయ్యి ఆగుతుంది. ఏం జరగబోతోందో తెలిసీ మూడోసారి కూడా ఆగిందంటే అందులో విషయం ఉన్నట్టు.

ముందు మన అమృతం. 2001 నవంబరులో జెమినీలో మొదలై 2007 దాకా నడిచింది, మూడొందల పైచిలుకు ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు గారి సంస్థ తీసింది. ఆదివారం రాత్రి వీధిలో ఏ ఇంటి ముందు నడిచినా సిరివెన్నెల గారు రాసిన ఆ టైటిల్ పాట వినిపించేది. అప్పుడు మాకు ఈ షాపు లేదు, నాకు చిన్నపిల్ల, ఇల్లు, అత్తగారు. పాట మొదలవగానే అత్తగారు "ఆ హోటలు వాళ్లొచ్చార్రా" అని అందరినీ కేకేసేవారు. ఇప్పుడు యూట్యూబులో డబ్బులివ్వకుండానే దొరుకుతుంది. మధ్యలో ప్రకటనలు మాత్రం భరించాలి. అమృత విలాస్‌కి ఒక్క గిరాకీ రావడం లేదని వాళ్లు మొత్తుకుంటుంటే, టక్కున ఎవరో వచ్చి పది నిమిషాల్లో బిర్యానీ ఇంటికి తెస్తామంటారు. ఆ ప్రకటన నాలాంటి వాళ్లకి డబుల్ దెబ్బ.

హోటలు నడిపేదానిగా చెబుతున్నాను, అమృత విలాస్‌లో నాకు నచ్చింది అక్కడి దరిద్రం. అది సినిమా దరిద్రం కాదు. అద్దె కట్టాలి. ఇంటి ఓనరు అప్పాజీ మెట్లు దిగుతున్నాడంటే గుండె దడ. ఈ నెల ఎలాగోలా గట్టెక్కాలని హోటలు నడిపే అమృతం ఒక ప్లాన్ వేస్తాడు. అతని స్నేహితుడు అంజి వద్దంటాడు. వద్దంటూనే వెనకే వెళ్తాడు. ప్లాన్ బెడిసికొడుతుంది. మళ్లీ అదే హోటలు, సర్వం అనే అదే సర్వరు, అదే కౌంటరు. నేనూ ఇలాంటి ప్లాన్లు వేసినదాన్నే. ఒకసారి ఆదివారాలు పనీర్ స్పెషల్ అని బోర్డు పెట్టాను. మూడు వారాలు ఆహా ఓహో అన్నారు. నాలుగో వారం కుర్రాళ్లొచ్చి "ఆంటీ, టమాటా పప్పు లేదా?" అన్నారు. పనీర్ మేమే తిన్నాం, రెండు రోజులు.

అమృతంలో ఒక వింత ఉంది, అది ఈ మధ్యే నాకు తట్టింది. అమృతం పాత్రని మొదట శివాజీ రాజా వేశారు. తర్వాత నరేశ్ వేశారు. ఆ తర్వాత హర్షవర్ధన్ వచ్చి చివరిదాకా నిలబడ్డారు. హీరోని రెండుసార్లు మారిస్తే ఏ సీరియల్ బతుకుతుంది? ఇది బతికింది. అమృతం భార్య సంజీవిని కూడా ఒకరే కాదు. కానీ అంజి ఒక్కడే. గుండు హనుమంతరావు గారు. బెండకాయలు తరుగుతూ కళ్లెత్తకుండా వింటే, ఇప్పుడు నడుస్తున్నది ఏ అమృతమో ఒక్కోసారి నాకు తెలియదు, పట్టింపూ ఉండదు. అంజి గొంతు వినగానే మాత్రం ఇల్లు చేరినట్టుంటుంది. ఆ గొంతులో ముందే ఒక ఓటమి ఉంటుంది. అమృతం ఇంకా ప్లాన్ చెప్పడం పూర్తి చెయ్యకముందే, ఇది మునుగుతుందని ఆయన మూలుగులో తెలిసిపోతుంది.

అందుకే నా లెక్క ఏమిటంటే, ప్లాన్ వేసేవాడు మారినా ఫరవాలేదు, ఇరుక్కునేవాడు మారకూడదు. మనం నవ్వేది ప్లాన్‌కి కాదు, వద్దు వద్దంటూనే దానికి తల ఊపినవాడి ముఖానికి. నా విషయంలో ముఖానికి కాదు, గొంతుకి. హనుమంతరావు గారు 2018లో పోయారు. 2020లో ఓటీటీలో అమృతం ద్వితీయం వచ్చినప్పుడు అంజిగా ఎల్.బి. శ్రీరామ్ గారు వేశారు. ఆయన ఎంత పెద్ద నటుడో నేను చెప్పాలా? కానీ మూడు ఎపిసోడ్లు విని ఆపేశాను. నా చెవి ఒప్పుకోలేదు. అది ఆయన తప్పు కాదు, ఆరేళ్ల పాటు ఆదివారాలు ఒకే గొంతుకి అలవాటు పడ్డ నా చెవి తప్పు.

ఈ లెక్క పట్టుకుని మిగతావి చూడటం మొదలుపెట్టాను.

మా అమ్మాయి తరానిది ఫ్రెండ్స్ అనే అమెరికా సిట్‌కామ్. 1994 సెప్టెంబరు నుంచి 2004 మే దాకా, 236 ఎపిసోడ్లు. పదేళ్లలో ఆరుగురు ముఖ్య నటుల్లో ఒక్కరు కూడా మారలేదు. చివరి రెండేళ్లు ఒక్కొక్కరికి ఎపిసోడ్‌కి పది లక్షల డాలర్లు. ఆరుగురూ ఒక్కటై బేరమాడి సాధించుకున్నారని మా అమ్మాయి చెబితే దణ్ణం పెట్టాను. కూరగాయల మార్కెట్లో మేం నలుగురు కర్రీ పాయింట్ల వాళ్లం ఒక్కటై టమాటా ధర మాట్లాడుకుందామని మూడేళ్లుగా అనుకుంటున్నాం, ఒక్కసారి కూడా నలుగురం ఒకే రోజు మార్కెట్‌కి వెళ్లలేదు.

ఫ్రెండ్స్‌తో నాకు తగాదా ఇంగ్లీషు దగ్గర. కింద అక్షరాలు పడతాయి, నిజమే. కానీ అక్షరాలు చదువుతూ దొండకాయ తరగడం ఎవరి వల్ల అవుతుంది? అయితే అందులో ఒక వెసులుబాటు ఉంది. స్టూడియోలో జనాన్ని కూర్చోబెట్టి వాళ్ల ముందు నటించారు కాబట్టి, ఎక్కడ నవ్వాలో ఆ నవ్వుల మోత చెబుతుంది. మోత వినగానే "ఏమన్నాడే?" అని అడిగేదాన్ని. ఆదివారం పూట మా అమ్మాయి పక్కన కూర్చుని చెప్పేది. నాలుగో వారానికి ఆ ఆరుగురిలో చాండ్లర్ అనేవాడి గొంతు పట్టేశాను. అతను ఏ ముక్కని ఒత్తి పలుకుతాడో తెలిశాక మాట అర్థం కాకపోయినా నవ్వొచ్చేది. అతను చేసే ఉద్యోగం ఏమిటో స్నేహితులకే గుర్తుండదట. అది నాకు పెద్ద విశేషంగా అనిపించలేదు. మా అమ్మాయి ఉద్యోగం ఏమిటో నేను ఇప్పటికీ ఎవరికీ చెప్పలేను.

వాళ్లు కూర్చునే ఆ కాఫీ షాపు గురించి హోటలు మనిషిగా ఒక మాట. ఆరుగురు మనుషులు, షాపు నడిమధ్య మంచి సోఫా, గంటల తరబడి ఒక్కో కప్పు. మన ఇరానీ హోటళ్లలో ఇది మామూలే, ఒక్క చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్, రెండు గంటల రాజకీయం. కానీ అక్కడ కౌంటరు దగ్గర ఓనరు చూసే చూపు ఒకటి ఉంటుంది. ఫ్రెండ్స్‌లో ఆ చూపు తక్కువ. అలాగే మోనికా వంట చేసే మనిషి, హోటల్లో షెఫ్. అయినా సాయంత్రం ఎప్పుడు చూసినా ఇంట్లోనే ఉంటుంది. ఏ హోటలమ్మా ఇది, రాత్రి భోజనాల వేళ షెఫ్‌ని ఇంటికి పంపేస్తుంది? ఇందులో ఇరుక్కున్నవాళ్లు లేరు. అద్దె ముప్పు లేదు, ఆ ఇంటి అద్దె మోనికా నాయనమ్మ కాలం నాటి చవక అద్దె అని వాళ్లే చెబుతారు. మరి ఎందుకు నిలిచింది? పాతికేళ్ల వయసులో ఎదురింటి తలుపు కొట్టకుండా లోపలికి వెళ్లగలిగే రోజులు మళ్లీ రావు కాబట్టి అనుకుంటాను. మా అమ్మాయి అది చూస్తున్నప్పుడు నవ్వు కంటే తన హాస్టలు రోజుల బెంగే ఎక్కువ కనిపిస్తుంది. చాండ్లర్‌గా వేసిన మాథ్యూ పెర్రీ 2023లో పోయినప్పుడు ఫోన్‌లో ఏడ్చింది. ఎవరూ ఏడవరని చెప్పింది తనే.

తర్వాత మిస్టర్ బీన్. ఇది నా కొలబద్దకి పెద్ద పరీక్ష. పెట్టాను, ఆరు నిమిషాలు బెండకాయలు తరిగాను, ఒక్క మాట లేదు. టీవీ పాడైందేమో అని తలెత్తాను. మా దగ్గర ఐదేళ్లుగా పనికొచ్చే అక్క పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. "గీయన మాట్లాడడా అక్కా?" అంది. మాట్లాడడని చెప్పాను. "మంచిగున్నడు" అంది. ఆ రోజు వంకాయ మాడింది. మొత్తం 15 ఎపిసోడ్లే, 1990 నుంచి 1995 మధ్య తీసినవి. భాష లేదు కాబట్టి ఏ దేశమైనా తిరిగింది. కానీ నాకు పనికిరాదు. కళ్లు ఖాళీగా ఉన్నవాళ్లకి అది.

సైన్‌ఫెల్డ్ అనే ఇంకో అమెరికా సిట్‌కామ్ గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే ఎక్కువ చూడలేదు. నలుగురు మనుషులు, నలుగురిలో ఒక్కరి మీద కూడా నాకు జాలి కలగలేదు. కౌగిలింతలు ఉండకూడదు, నీతులు ఉండకూడదు అనేది ఆ షో తీసినవాళ్లు పెట్టుకున్న నియమమట. నీతులు లేకపోవడం నాకూ ఇష్టమే. కానీ రెండు ఎపిసోడ్లు మాత్రం వదలను. ఒకటి 1991లోది. చైనీస్ హోటల్లో టేబుల్ కోసం నిలబడతారు. కథ మొత్తం అంతే, నిలబడటం. చివరికి విసిగిపోయి వెళ్లిపోతారు, వెళ్లిన మరుక్షణం వాళ్ల పేరు పిలుస్తారు. ఆదివారం మధ్యాహ్నం మా షాపు ముందు ఇది నేను వందసార్లు చూశాను. సాంబారు దిగే లోపల వెళ్లిపోతారు, అప్పుడే సాంబారు దిగుతుంది.

రెండోది 1995లో వచ్చిన సూపు వాడి కథ. మన్‌హాటన్‌లో నిజంగానే ఉన్న ఒక సూపు దుకాణదారుడిని చూసి రాశారట. అతని సూపు అమోఘం. కానీ నియమాలున్నాయి. వరసలో నిలబడాలి, ఏం కావాలో ముందే తేల్చుకోవాలి, చెప్పాలి, పక్కకి జరగాలి, డబ్బు చేతిలో సిద్ధంగా ఉండాలి. నసిగితే సూపు లేదు, వెళ్లిపొమ్మంటాడు. జనం నవ్వుతున్నారు. మా అమ్మాయి పడీపడీ నవ్వుతోంది. నాకు మాత్రం ఇందులో తప్పేముందో అర్థం కాలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకి హాస్టలు పిల్లలు పాతికమంది ఎదురుగా ఉంటే, ఒకడు ఫోన్లో మాట్లాడుతూ "ఆంటీ, పప్పు... కాదు ఆగండి... ఫ్రై ఏముంది?" అంటాడు. నాకూ ఆ అధికారం ఉంటే బాగుండుననిపిస్తుంది. చివర్లో అతని వంటకాల కాగితాలు వాళ్ల చేతికి చిక్కి అతని వ్యాపారం మూతపడుతుంది. జనం ఇంకా నవ్వుతున్నారు. మా అమ్మాయి నా వంక చూసి టీవీ ఆపేసింది.

ఇప్పుడు నా అసలు ఇష్టం దగ్గరికి వస్తాను. ఫాల్టీ టవర్స్. బీబీసీలో 1975లో ఆరు, 1979లో ఆరు. అంతే, పన్నెండు. మన అమృతం మూడొందలు, ఇది పన్నెండు, రెండూ హోటలు కథలే. జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి రాశారు. రాసేటప్పుడు వాళ్లు భార్యాభర్తలు. రెండో విడత వచ్చేలోపు విడాకులయ్యాయి, అయినా కలిసే రాశారు, కలిసే నటించారు. ఇంగ్లండులో టోర్కీ అనే సముద్రం ఒడ్డు ఊళ్లో క్లీజ్ ఒకసారి బస చేసిన హోటలు యజమాని మహా ముక్కోపి అట. ఆయన్ని చూసి ఇందులో హోటలు యజమాని బేసిల్ పాత్ర పుట్టింది. గిరాకీలు రావడమే తనకి జరిగిన అవమానం అన్నట్టుంటాడు.

ఇంగ్లీషు మరీ వేగం, పైగా బ్రిటిష్ యాస. చెవులతో కుదరదని తెలిసిపోయింది. ఒక ఆదివారం సాయంత్రం కత్తిపీట పక్కన పెట్టి, కాళ్లు చాపుకుని, కింది అక్షరాలు చదువుకుంటూ చూశాను. విందు రాత్రి ఎపిసోడ్. ఊళ్లో పెద్దమనుషుల్ని విందుకి పిలిచాడు బేసిల్. కొత్త వంటవాడు తాగి పడిపోయాడు. ఇక మెనూలో మిగిలింది బాతు ఒక్కటే, అది కూడా వేరే హోటలు నుంచి తేవాలి. మొదట తెచ్చిన బాతు నేలపాలైంది. రెండోది తేవడానికి కారులో వెళ్తే కారు ఆగిపోయింది. కారుని తిట్టి, చెట్టుకొమ్మ విరిచి తెచ్చి దాన్ని బాదాడు. ఎలాగో వంటకం మోసుకొచ్చి, అతిథుల ముందు ఠీవిగా మూత తీస్తే లోపల బాతు లేదు, తీపి వంటకం ఉంది. బాతు దాని అడుగున ఉందేమో అని చేతులతో కెలికాడు.

నేను నవ్వలేదు. చెమట పట్టింది. ఎందుకంటే మాకూ ఇలాంటి రోజొకటి ఉంది. ఒక గృహప్రవేశానికి నలభై మందికి గుత్తివంకాయ ఒప్పుకున్నాం. పొయ్యి మీద ఉండగా గ్యాస్ అయిపోయింది, రెండో సిలిండర్ తెస్తానన్నవాళ్లు తేలేదు. మా ఆయన స్కూటర్ మీద వెళ్లి ఇంకో కర్రీ పాయింట్ నుంచి నలభై మందికి సరిపడా కొనుక్కొచ్చారు. గిన్నె మార్చి ఇచ్చాం. వాళ్లు తిని, "మీ చేతి రుచే వేరు" అన్నారు. ఇప్పటికి ఆరేళ్లయింది, ఆ మాట తలుచుకుంటే నాకు ఇంకా మింగుడు పడదు. రెండోసారి ఆ ఎపిసోడ్ చూసినప్పుడు మాత్రం ఇద్దరం కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నాం.

బేసిల్ ప్లాన్ వేస్తాడు, ఇరుక్కునేది మాన్యుయల్. స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి వచ్చిన సర్వరు కుర్రాడు, ఇంగ్లీషు సరిగా రాదు. ఆండ్రూ సాక్స్ వేశారు. తమాషా ఏమిటంటే, స్పెయిన్‌లో దీన్ని డబ్బింగ్ చేసినప్పుడు అతన్ని ఇటలీవాడిగా మార్చేశారు. మనవాడిని చూసి మనం నవ్వడమేమిటని కాబోలు. మాన్యుయల్‌ని బేసిల్ కొట్టే దెబ్బలు నాకు అంత నచ్చవు. మన దగ్గర పనిచేసేవాళ్లకి భాష రాకపోతే అది వాళ్ల తప్పు కాదు. మా అక్క ఆ సీన్లు చూడనంటుంది. కానీ చివరి ఎపిసోడ్‌లో, హోటల్లో ఆరోగ్య తనిఖీకి అధికారి వచ్చిన రోజే మాన్యుయల్ పెంచుకుంటున్న ఎలుక తప్పించుకుంటుంది. దాన్ని అతను ఎలుక అనుకోడు, అదేదో సైబీరియా హామ్‌స్టర్ అంటాడు. తనిఖీ అనే మాటకి నాలాంటివాళ్ల కడుపులో ఏం జరుగుతుందో రాసినవాళ్లకి ఎలా తెలిసిందో.

పన్నెండే ఎందుకు తీశారని మొదట బాధపడ్డాను. ఇప్పుడు అనుకుంటాను, ఆ బిగువుతో మూడొందలు తియ్యడం ఎవరి తరం? అమృతంలో నీరసమైన ఎపిసోడ్లు ఉన్నాయి, నేనే దాటేస్తుంటాను. అయినా బెండకాయలకి అమృతమే తోడు. పండగ పిండివంట వేరు, రోజూ పప్పు వేరు.

మా ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. ఆయనకి యెస్ మినిస్టర్ పిచ్చి. అది, తర్వాత వచ్చిన యెస్ ప్రైమ్ మినిస్టర్ కలిపి 38 ఎపిసోడ్లు, 1980 నుంచి 1988 మధ్యవి. అప్పటి బ్రిటన్ ప్రధాని థాచర్ గారికి కూడా ఇష్టమట, తమ ప్రభుత్వం మీద వేసిన జోకులకి తనే నవ్వుకునేవారట. మంత్రి ఏదో మంచి పని చేద్దామంటాడు, కార్యదర్శి సర్ హంఫ్రీ గుక్క తిప్పుకోకుండా ఒక పొడవాటి వాక్యం చెబుతాడు, పని ఆగిపోతుంది. చెవులతో వినడానికి ఇంతకంటే మంచిది లేదు, ఇంగ్లీషు వచ్చినవాళ్లకి. మా ఆయన ఒక్కరే నవ్వుతారు, "మా సూపరింటెండెంట్ అచ్చం ఇంతే" అంటారు. మా కోసం ఫరూఖ్ షేక్ చేసిన హిందీ జీ మంత్రీజీ కూడా వెతికి చూశాం, ఫరవాలేదు. కానీ అదే మనిషికి ఆఫీస్ ఆఫీస్ అనే హిందీ సీరియల్ పెడితే లేచి వెళ్లిపోతారు. అందులో ముసద్దీలాల్ అనే మామూలు మనిషి ఆఫీసుల చుట్టూ తిరిగి గుమాస్తాల చేతిలో ఇరుక్కుంటాడు. "మరీ అంత ఉండదు" అంటారు మా ఆయన. మంత్రి ఇరుక్కుంటే నవ్వారు కదా అంటే జవాబు లేదు.

ఇరుక్కోవడం అంటే గుర్తొచ్చింది, మా చిన్నప్పుడు అంబర్‌పేటలో పక్కింట్లో దూరదర్శన్ చూసేవాళ్లం. 1984లో యే జో హై జిందగీ వచ్చేది. శుక్రవారం రాత్రి వాళ్ల హాలంతా చెప్పులు. అందులో ఇంట్లో మనుషులు వాళ్లే ఉంటారు, సతీశ్ షా ఒక్కడు మాత్రం ప్రతి వారం కొత్త వేషంతో వస్తాడు, ఒకసారి ఒక భాషవాడు, ఒకసారి ఒక ఉద్యోగి. అమృతానికి తిరగేసిన పద్ధతి. అక్కడ ప్లాన్లు బయటి నుంచి వస్తాయి, ఇరుక్కునే కుటుంబం మాత్రం కదలదు. మూడు ఎపిసోడ్లు మళ్లీ చూశాను. జోకులు కొన్ని వాడిపోయాయి, ఆ పక్కింటివాళ్ల అగరొత్తి వాసన మాత్రం గదిలోకి వచ్చింది. దీనికి మార్కులు వెయ్యలేను.

నిలవడం గురించి ఇంకో సంగతి. ఐ లవ్ లూసీ అమెరికాలో 1951లో మొదలైంది, డెబ్భై ఏళ్లు దాటింది. పెడితే బొమ్మ ఇప్పటికీ అద్దంలా ఉంటుంది. ఎందుకంటే, అప్పట్లో చాలా షోలు అప్పటికప్పుడు ప్రసారమై గాలిలో కలిసిపోయేవి. లూసీల్ బాల్, ఆమె భర్త డెసీ ఆర్నాజ్ మాత్రం జీతం తగ్గించుకుని, ఫిల్మ్ హక్కులు తమకే ఉండాలని పట్టుబట్టారు. మూడు కెమెరాలతో, జనం ముందు, 35 ఎంఎం ఫిల్మ్ మీద తీశారు. ఆ ఫిల్మ్ ఉంది కాబట్టే మళ్లీ మళ్లీ వేశారు. బీబీసీ వాళ్లు పాత టేపుల మీద కొత్తవి రికార్డు చేసుకోవడంతో డాడ్స్ ఆర్మీ అనే పేరున్న కామెడీలో 3 ఎపిసోడ్లు ఈనాటికీ దొరకలేదు. ఎంత నవ్వించినా డబ్బా దాచినవాడు లేకపోతే అంతే సంగతులు. మా అత్తగారి గోంగూర పచ్చడి కొలతలు ఎవరూ రాసి పెట్టుకోలేదు, అది కూడా అలాగే పోయింది.

లూసీలో 1952 నాటి చాక్లెట్ల ఎపిసోడ్ ఒకటుంది. లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ ఫ్యాక్టరీలో చేరతారు. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటాయి, ఒక్కోదానికి కాగితం చుట్టాలి, ఒక్కటి తప్పినా ఉద్యోగం పోతుంది. బెల్టు వేగం పెరుగుతుంది. చుట్టలేక నోట్లో కుక్కుకుంటారు, టోపీలో దాస్తారు, జాకెట్లో వేసుకుంటారు. పై అధికారిణి వచ్చి చూస్తుంది, ఒక్కటీ మిగల్లేదు, భేష్ అనుకుని ఇంకా వేగంగా తిప్పమంటుంది. మధ్యాహ్నం పన్నెండున్నరకి మేం ఇద్దరం సాంబారు ప్యాకెట్లకి రబ్బరు బ్యాండ్లు వేసే దృశ్యం అచ్చం ఇదే, చాక్లెట్లు తినగలం, మరుగుతున్న సాంబారుని ఎక్కడ దాస్తాం? ఎథెల్ ముఖంలో మన అంజి కనిపించాడు. చెవుల నియమం పక్కన పెట్టి తలెత్తి చూశాను. ఆరు నెలల్లో వేలు తెగింది ఆ ఒక్కసారే. మూడోసారి కూడా తలెత్తాను, ఈసారి కత్తిపీట మడిచి.

వచ్చే నెల ఓటీటీల డబ్బు మళ్లీ కట్టాలా అని మా అమ్మాయి అడిగింది. లెక్క చూసుకుంటే, అమృతం ఉచితం. ఫాల్టీ టవర్స్ పన్నెండూ నాకు నోటికొచ్చేశాయి. లూసీ ఉండాలి. ఫ్రెండ్స్ తన ఇష్టం, తనే కట్టుకుంటానంది. ఒక యాప్ అయితే, ఈ టీవీ మా ఇంటిది కాదంటూ వారానికోసారి బయటికి తోసేస్తోంది, దానికి దణ్ణం పెట్టేశాను. అంతా తేలిందనుకుంటుండగా, పొయ్యి దగ్గర నుంచి మా అక్క గరిటె ఆపి, "గా మాట్లాడనాయన్ని తీసేస్తే నేను పనికి రాను" అంది. బెదిరింపో, నిజమో తెలియదు. ఆదివారాలు ఆయనకిచ్చేశాను, ఆ రోజు వంకాయ పెట్టుకోవడం లేదు.